లిబర్టీ సిటీలో నాలుగో మనిషి

‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: వైస్ సిటీ’ ఆడినవాళ్ళెవరికైనా బొమ్మ హెలికాప్టర్ మిషన్ గుర్తుండే ఉంటుంది. ఆటలో దాని పేరు ‘డెమొలిషన్ మ్యాన్’. ఏవరీ క్యారింగ్టన్ అనే రియల్ ఎస్టేట్ ఆసామి వ్యాపారానికి అడ్డంగా ఒక కొత్త బిల్డింగు లేస్తుంటుంది. దాన్ని పేల్చేయాలి. మనం ఒక వ్యాన్‌లో కూర్చుని, రిమోట్‌తో నడిచే చిన్న హెలికాప్టర్‌తో నాలుగు బాంబుల్ని ఒక్కొక్కటే ఎత్తుకెళ్ళి సగం కట్టిన ఆ అంతస్తుల్లో పెట్టి రావాలి. టైము తక్కువ. కీబోర్డు మీద ఆ హెలికాప్టర్ ఒక పట్టాన మాట వినదు. పైగా లోపల పనిచేస్తున్న కూలీలూ కాపలావాళ్ళూ దాన్ని కూల్చడానికి ఎగబడతారు. ఆడినవాళ్ళంతా ఎవరికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఒకటే: హెలికాప్టర్‌ని కిందికి దించి, తిరుగుతున్న రెక్కతో ముందు ఆ కూలీల్ని కోసేయడం. ఆ తర్వాత బాంబుల పని సులువు.

ఈ ఆట 2002లో ప్లేస్టేషన్‌కీ, 2003లో కంప్యూటర్‌కీ వచ్చింది. మహబూబ్‌నగర్‌కి చేరేసరికి ఇంకో రెండేళ్ళు పట్టింది. అప్పట్లో న్యూటౌన్ నుంచి బస్టాండు దాకా నెట్ సెంటర్లు వరసగా ఉండేవి. పేరుకి నెట్, గంటకి పదిహేనో ఇరవయ్యో ఇచ్చి కూర్చునే పిల్లల్లో సగం మంది తెర మీద ఉండేది మాత్రం వైస్ సిటీ. కథ ఎవరికీ పట్టేది కాదు. ఆ మాఫియా ఇంగ్లీషు మా చెవులకి అందేదీ కాదు. ‘పాంజర్’ అని టైపు చేస్తే యుద్ధ ట్యాంకు ఊడిపడుతుందనీ, ‘లీవ్ మీ అలోన్’ అని కొడితే పోలీసులు వెంటపడటం మానేస్తారనీ తెలిస్తే చాలు. నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్న ఈ మంత్రాలు చేతులు మారుతూ ఊరంతా తిరిగేవి.

ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు కూడా ఉండేవాళ్ళు. ఆదివారం దొరికిన గంటలో ఆ బిల్డింగులోకి హెలికాప్టర్ నడిపేవాళ్ళు. వాళ్ళలో కొందరి అమ్మానాన్నలు అదే సమయానికి బొంబాయిలోనో పూణేలోనో అలాంటి సగం కట్టిన బిల్డింగు మీదే తట్టలు మోస్తూ ఉండేవాళ్ళు. ఈ రెండు విషయాల్నీ అప్పుడు ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. చూడాల్సిన అవసరం ఆట కల్పించలేదు.

ఈ ఆటల గురించి రాసేవాళ్ళు మామూలుగా హింస గురించి రాస్తారు, బూతు గురించి రాస్తారు, 2005లో ‘శాన్ ఆండ్రియాస్’ మీద చెలరేగిన హాట్ కాఫీ గొడవ గురించి రాస్తారు. నాకు మాత్రం ఈ ఆటల చరిత్రని కట్టడం సైటు వైపు నుంచి చూడాలనిపిస్తుంది. పాలమూరు వాడికి ఆ చూపు సహజంగా వస్తుంది. ఏ ఊరు పోయినా ముందు అక్కడ లేస్తున్న పిల్లర్లు చూసి, పనిలో ఉన్నది మనోళ్ళేనా అని వెతికే అలవాటున్న జిల్లా మాది.

మొదటి ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ 1997లో వచ్చింది. చేసింది డీఎంఏ డిజైన్ అనే కంపెనీ, స్కాట్లాండ్‌లోని డండీ అనే ఊర్లో. ‘రేస్ ఎన్ చేజ్’ అనే పేరుతో పోలీసు-దొంగ ఆటగా మొదలైన పని అది. పైనుంచి చూస్తున్నట్టుగా ఊరి మ్యాపు కనపడుతుంది, అందులో అగ్గిపెట్టెల్లాంటి కార్లు, చీమల్లాంటి మనుషులు. కొత్తదనమల్లా ఆటగాడికి ఇచ్చిన స్వేచ్ఛలో ఉంది. చెప్పిన పని చేయొచ్చు, చేయకుండా ఊరంతా తిరగొచ్చు. ఆట మనకోసం ఆగి ఉంటుంది, ఊరు మాత్రం తన మానాన నడుస్తూ ఉంటుంది. ఓపెన్ వరల్డ్ అని ఇప్పుడు అంటున్నది ఇదే.

డండీ గురించి ఒక్క మాట. పందొమ్మిదో శతాబ్దంలో అది జనపనార మిల్లుల ఊరు. నార బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చేది. తర్వాత కలకత్తా చుట్టుపక్కలే మిల్లులు లేచి డండీ మిల్లుల పొట్ట కొట్టాయి. కలకత్తా మిల్లుల్లో అజమాయిషీ చేసినవాళ్ళలో డండీ నుంచి వచ్చిన స్కాట్‌లున్నారు. పనిచేసినవాళ్ళలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగు కూలీలున్నారు. అంటే డండీకీ తెలుగు కూలీకీ వీడియో గేముల కంటే చాలా ముందే సంబంధం ఉంది. మిల్లులు మూతపడ్డ ఊర్లో పుట్టిన కొత్త పరిశ్రమల్లో ఈ ఆటలొకటి.

1999లో ఈ ఆటకి మొదటి ఎక్స్‌పాన్షన్ వచ్చింది: ‘లండన్ 1969’. ఎక్స్‌పాన్షన్ అంటే అసలు ఆట మీద ఆధారపడే కొత్త భాగం. అసలు ఆట సీడీ లేనిదే ఇది నడవదు. అదే ఏడాది ‘లండన్ 1961’ కంప్యూటర్ వాళ్ళకి ఉచితంగా వచ్చింది. కొత్త ఊరు, కొత్త కాలం, కానీ లోపలి యంత్రాంగం పాతదే. ఎక్స్‌పాన్షన్ అంటే ఇంకొంచెం చోటు, ఇంకొన్ని కార్లు అనే అర్థమే ఆ తర్వాత పదేళ్ళూ నిలిచింది. చారిత్రకంగా అసలు మలుపు 2009లో వచ్చింది. దానికి ముందు సైట్ల సంగతి చూడాలి.

2001లో ‘జీటీఏ 3’తో ఈ ఊర్లు మూడు కొలతల్లోకి వచ్చాయి. మనిషి ఎత్తు నుంచి ఊరిని చూస్తున్నాం కాబట్టి బిల్డింగులకి గోడలు వచ్చాయి, ఊరు పెరుగుతోందనిపించడానికి క్రేన్లూ, ఇనుప చువ్వలూ, సగం పోసిన స్లాబులూ వచ్చాయి. వైస్ సిటీలో సైటుకి ఏమైందో చెప్పాను. 2004లో వచ్చిన శాన్ ఆండ్రియాస్‌లో ‘డీకన్‌స్ట్రక్షన్’ అనే మిషన్ ఉంది. పక్కనున్న సైటు కూలీలు తన చెల్లెలిని ఏదో అన్నారని హీరో సీజే బుల్డోజర్ ఎక్కి వాళ్ళ ఆఫీసు గదుల్ని తుక్కు చేస్తాడు. దాక్కున్న ఫోర్‌మన్‌ని టాయిలెట్ డబ్బాతో సహా గోతిలోకి తోసి పైన కాంక్రీటు పోస్తాడు. 2008లో ‘జీటీఏ 4’లో ‘డీకన్‌స్ట్రక్షన్ ఫర్ బిగినర్స్’ అనే మిషన్ ఉంది. ఒక కట్టడంలో వాటా కావాలనుకున్న డ్రగ్స్ వ్యాపారి, ఆ సైటుని పట్టుకుని కూర్చున్న యూనియన్ నాయకుల్ని చంపమని మనల్ని పంపుతాడు. క్రేన్ల మీద ఉన్నవాళ్ళని దూరం నుంచి కాల్చుకుంటూ మొదలుపెడతాం. 2013లో ‘జీటీఏ 5’లో ఇంకో సైటు, ఇంకో హత్య; ఈసారి షేర్ మార్కెట్లో లాభం కోసం.

నాలుగు ఆటలు, పదకొండేళ్ళు. రాసినవాళ్ళు పని కట్టుకుని కూలీల మీద పగబట్టారని నేననను. కారణం అంతకంటే మామూలుది. తుపాకీ ఆటకి దాక్కోవడానికి స్తంభాలు కావాలి, ఎక్కడానికి అంతస్తులు కావాలి, బయటి జనం ఉండకూడదు. సగం కట్టిన బిల్డింగు దీనికి తయారుగా ఉన్న వేదిక. సినిమాల్లో క్లైమాక్సు ఫైట్లు సిమెంటు బస్తాల మధ్య జరిగేది కూడా ఇందుకే. కానీ ఫలితం ఏమిటంటే, ఈ ఊర్లలో కట్టేవాడికి ఉన్న పని ఒక్కటే. హెల్మెట్ పెట్టుకుని ఎదురు రావడం, చావడం. పోలీసుకి బండి ఉంది, టాక్సీ డ్రైవర్‌కి గొంతు ఉంది, రోడ్డు పక్కన హాట్‌డాగ్ అమ్మేవాడికి బండీ గిరాకీ ఉన్నాయి. ఇంత ఊరు కట్టినవాడికి మాత్రం ఏమీ లేదు. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ చదివినవాళ్ళకి ఈ లోటు కొత్తగా అనిపించదు.

విచిత్రం ఏమంటే, ఈ వరసలో వలస గురించి అందరికంటే బాగా తెలిసిన ఆట కూడా జీటీఏ 4నే.

నికో బెలిక్ తూర్పు యూరప్ నుంచి ‘ప్లాటిపస్’ అనే సరుకుల ఓడలో లిబర్టీ సిటీకి వస్తాడు. లిబర్టీ సిటీ అంటే పేరు మార్చిన న్యూయార్క్. యుద్ధంలో చిన్నప్పుడే తుపాకీ పట్టిన మనిషి. అతని కజిన్ రోమన్ ముందే ఇక్కడికొచ్చి, ఇంటికి ఉత్తరాలు రాస్తుంటాడు: పెద్ద బంగళా ఉంది, స్పోర్ట్స్ కార్లు ఉన్నాయి, అమ్మాయిలున్నారు. నికో దిగి చూస్తే ఇరుకు గది, దివాలా తీయడానికి సిద్ధంగా ఉన్న టాక్సీ ఆఫీసు, జూదం అప్పులు. బంగళా లేదు.

నేనీ ఆట ఇంజనీరింగ్ చివర్లో, ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు కొన్నాక ఆడాను. అప్పటికి ఇంగ్లీషు అందుతోంది. రోమన్ ఉత్తరాల సంగతి వినగానే నాకు అమెరికా గుర్తు రాలేదు. బొంబాయి నుంచి పండక్కి తెల్లబట్టల్లో దిగి, ఎస్టీడీ బూత్ ముందు నిలబడి, అక్కడ అంతా బాగుందని చెప్పే మా ఊరి మనుషులు గుర్తొచ్చారు. అక్కడ గుడిసె వేసుకున్నది రైలు పట్టాల పక్కన అని ఎవరూ చెప్పరు. చెబితే వచ్చే ఏడు వాళ్ళతో వెళ్ళేవాళ్ళుండరు. చెబితే ఇంట్లోవాళ్ళు తినలేరు.

ఇంకా దగ్గరి పోలిక అప్పులో ఉంది. రోమన్ వ్లాద్ అనేవాడికి బాకీ. ఆ బాకీ తీరడానికి నికో వ్లాద్ చెప్పిన పనులన్నీ చేస్తాడు. ఆట మొదటి గంటలన్నీ ఇదే. మనం చేసే ప్రతి పనీ ఒకడు ముందే తినేసిన డబ్బుకి వడ్డీ. పాలమూరులో దీని పేరు అడ్వాన్సు. గుంపు మేస్త్రీ పద్ధతి గురించి చదివినవాళ్ళకి తెలుసు: కాంట్రాక్టరు మేస్త్రీకి డబ్బిస్తాడు, మేస్త్రీ ఊర్లో పెళ్ళికో బోరుకో ఆసుపత్రికో ఇబ్బంది పడుతున్న ఇంటికి అడ్వాన్సు ఇస్తాడు, ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం జోడుగా అతని గుంపులో కలుస్తారు. దూరదేశంలో వారం వారం తిండి ఖర్చులకి మాత్రం ఇస్తారు. మిగిలిన లెక్క పని అయిపోయి ఊరికి తిరిగొచ్చేటప్పుడు. ఆ లెక్కలో అడ్వాన్సు పోను మిగిలేది ఎంతన్నది మేస్త్రీ పుస్తకం చెబుతుంది. మిగలకపోతే మళ్ళీ అడ్వాన్సు.

ఇప్పుడు ఎక్స్‌పాన్షన్ల సంగతి. 2009లో జీటీఏ 4కి రెండు వచ్చాయి: ఫిబ్రవరిలో ‘ద లాస్ట్ అండ్ డామ్డ్’, అక్టోబర్‌లో ‘ద బ్యాలడ్ ఆఫ్ గే టోనీ’. వీటిని ముందుగా తన ఎక్స్‌బాక్స్ మీద ఆడించుకోవడానికి మైక్రోసాఫ్ట్ 5 కోట్ల డాలర్లిచ్చింది. 2010లో కంప్యూటర్‌కీ ప్లేస్టేషన్‌కీ వచ్చాయి. లండన్ లాగా ఇవి కొత్త ఊరికి తీసుకెళ్ళలేదు. అదే లిబర్టీ సిటీ, అవే వీధులు. మారింది మనిషి. మొదటిదాంట్లో జానీ క్లెబిట్జ్, మోటారుసైకిల్ ముఠావాడు, నది అవతలి అల్డర్నీలో ఉంటాడు. రెండోదాంట్లో లూయిస్ లోపెజ్, డొమినికన్ కుటుంబంలో పుట్టినవాడు, టోనీ ప్రిన్స్ అనే నైట్‌క్లబ్ యజమాని దగ్గర పనిచేస్తాడు. తన చదువుకోసం తల్లి చేసిన అప్పు తాలూకు వడ్డీవాళ్ళు అతని ఇంటి మీదికొస్తారు. అప్పు ఇక్కడా వదల్లేదు.

ఒక ఉదాహరణ చెబితే ఈ పద్ధతి గొప్పతనం తెలుస్తుంది. అసలు ఆటలో నికో ముగ్గురు మనుషులతో కలిసి బ్యాంకు దోచుకుంటాడు. నేల మీద పడుకోబెట్టిన జనంలో ఒకడు లేచి దొంగల్లో ఒకణ్ణి కాల్చేస్తాడు. నికోగా ఆడుతున్నప్పుడు వాడొక అడ్డంకి, అంతే. ఏడాదిన్నర తర్వాత గే టోనీ మొదలయ్యేది అదే బ్యాంకులో, అదే నేల మీద. ఈసారి మనం పడుకుని ఉన్న జనంలో ఉన్నాం. మన పక్కనే పడుకున్నవాడు హీరో అయిపోవాలని ఉబలాటపడుతుంటాడు. మనం వద్దంటాం. అతను వినడు. దోపిడీ అదే, తుపాకీ మోత అదే. చూసే ఎత్తు మారింది. మ్యూజియంలో జరిగే వజ్రాల బేరమూ అంతే. నికో, జానీ అమ్మడానికి వస్తారు. మధ్యలో ఎవడో వచ్చి చెడగొడతాడు. ఆ ఎవడో లూయిస్ అని మూడో కథలో తెలుస్తుంది. నికోని ఊర్లోకి తెచ్చిన ఓడలోనే ఆ వజ్రాలూ వచ్చాయని కూడా అప్పుడే తెలుస్తుంది. మొదటి కథలో నికో వాటి పక్కనే ప్రయాణం చేశాడు. అతనికి తెలియదు, మనకీ తెలియదు.

నా దృష్టిలో ఇది ఆటల రచనలోనే కాదు, చరిత్ర రాయడంలో కూడా పనికొచ్చే పాఠం. కొత్త సంఘటనలు కనిపెట్టనక్కర్లేదు. జరిగిన సంఘటన దగ్గరికే వెళ్ళి, నేల మీద పడుకున్నవాళ్ళలో ఒకడిని లేపి అడిగితే చాలు. మూడు కథలూ ఆడాక లిబర్టీ సిటీ మూడింతలైనట్టు అనిపించింది, ఒక్క వీధి కూడా అదనంగా రాకపోయినా.

ఆ రోజుల్లోనే సెలవులకి ఇంటికొచ్చిన నేను యూనియన్ నాయకుల మిషన్ ఆడుతుంటే మా మేనమామ వెనకాల మంచం మీద కూర్చుని చూశాడు. ఇరవై ఏళ్ళు బొంబాయిలో సెంట్రింగ్ పని చేసి, మోకాళ్ళు పోయి తిరిగొచ్చిన మనిషి. తుపాకుల్ని ఆయన పట్టించుకోలేదు.

“అల్లుడా, సైటు మీద ఒక్క ఆడమనిషి లేదేందిరా? తట్ట ఎవరు మోస్తరు?” అన్నాడు.

కాసేపాగి, “నీళ్ళ డ్రమ్ము లేదు. గుడిసె లేదు. పిల్లల్ని యాడ పండవెట్టిండ్రు?” అన్నాడు.

అది ఉత్త బొమ్మ మామా అన్నాను.

“గది తెల్వదా. ఇదెన్నటికి అయితది?”

“కాదు మామా. ఎప్పటికీ ఇట్లనే ఉంటది.”

“మరి లెక్క ఎప్పుడు జేస్తరు?”

ఈ ఆటల మీద నేను చదివిన విమర్శల్లో ఇంతకంటే సూటి ప్రశ్న లేదు. నిజంగానే ఆ ఊర్లలో కట్టడం ఎన్నటికీ పూర్తికాదు. జీటీఏ 5లో ‘మైల్ హై క్లబ్’ అనే బిల్డింగు 2013 నుంచి ఇప్పటిదాకా సగంలోనే ఉంది. ఆటగాళ్ళు దాని మీద జోకులు వేసుకుంటారు. పని అయితేనే లెక్క చేసే పద్ధతిలో, ఎన్నటికీ కాని పనికి లెక్క ఎప్పుడు?

పాలమూరు లెక్క కూడా చాలాకాలంగా నడుస్తున్నదే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. పన్నెండేళ్ళకి, 1967లో, కాలవల్లోకి నీళ్ళు వదిలారు. ప్రపంచంలోనే పెద్ద రాతికట్టడపు డ్యాముల్లో అదొకటి. రాతికట్టడం అంటే ప్రతి రాయీ ఒక మనిషి చేతుల్లోంచి పోయిందని అర్థం. ఆ చేతుల్లో పాలమూరువి చాలా ఉన్నాయి. ఆ తర్వాత శ్రీశైలం. ఆ జలాశయం నిండినప్పుడు మునిగిన ఊళ్ళలో మా జిల్లావి కూడా ఉన్నాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. కృష్ణ, తుంగభద్ర రెండూ జిల్లాని ఆనుకుని పోతాయి. డ్యాములు కట్టడం వచ్చిన జనం పొలాల్లో నీళ్ళు లేక ఇంకెక్కడో డ్యాములు కట్టడానికి పోయారు. అలా దేశమంతటా కాంట్రాక్టర్ల నోట ‘పాలమూరు లేబర్’ అనేది ఒక సరుకు పేరులాగా పడిపోయింది.

బొంబాయి దారి ఇంకా పాతది. ముంబైలో కామాఠీపురా అనే పేట ఉంది. సినిమాల పుణ్యమా అని దాని పేరు దేశమంతా తెలుసు. 2022 నాటి ‘గంగూబాయి కఠియావాడి’ కథ నడిచేది అక్కడే. కానీ ఆ పేరు ఎక్కడిదో తెలిసినవాళ్ళు తక్కువ. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుంచి కట్టడం పనులకి వెళ్ళిన కూలీల్ని అక్కడ కామాఠీలనేవాళ్ళు. వాళ్ళు ఉన్న పేట కామాఠీపురా. తర్వాత ఇంగ్లీషువాళ్ళ కాలంలో అది వేశ్యావాటికగా మారింది. అంటే మన దేశంలో ‘వైస్ సిటీ’ అనదగ్గ చోటుల్లో అన్నిటికంటే పేరుమోసినది తెలుగు కూలీల పేరు మోస్తోంది. నేరం కథ మిగిలింది, కట్టినవాడి కథ పేరులో ఇరుక్కుపోయింది. రాక్‌స్టార్ వాళ్ళు కల్పించినదాన్ని చరిత్ర ముందే చేసి పెట్టింది.

మేము నెట్ సెంటర్లో కూర్చున్న ఆ ఏళ్ళలోనే ఈ వలస పత్రికలకెక్కింది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ నుంచి బొంబాయికి వారానికొకటిగా ఉన్న బస్సు పదేళ్ళు తిరిగేసరికి రోజూ నడిచే బస్సులైందని 2003లో పి. సాయినాథ్ ‘ద హిందూ’లో రాశారు. సంవత్సరం గమనించండి. వైస్ సిటీ కంప్యూటర్‌కి వచ్చింది కూడా 2003లోనే. ఒకే బస్టాండు పక్కన రెండు ప్రయాణాలు. పెద్దవాళ్ళు బస్సెక్కి నిజం సైటుకి, పిల్లలు కుర్చీ ఎక్కి బొమ్మ సైటుకి.

చట్టం ఒకసారి ఈ నాలుగో మనిషికి పేరూ ముఖమూ ఇవ్వబోయింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు ప్రతి కూలీకీ ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాల్సి ఉండేది. ఏం పని, ఎంత కూలి, ఎంత అడ్వాన్సు, అన్నీ అందులో రాయాల్సి ఉండేది. ఆట భాషలో చెప్పాలంటే అది ఆ మనిషి స్కోరు, ఆస్తి, ఇంతవరకు చేసిన మిషన్లు. మా మామ ఇరవై ఏళ్ళలో అలాంటి పుస్తకం ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన చూసిన పుస్తకం మేస్త్రీ చేతిలో ఉండేదే.

ఇంతకీ లిబర్టీ సిటీని కట్టిన అసలు కూలీలు ఎవరు? కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ళు, అంటే నా జాతివాళ్ళు. వెయ్యిమందికి పైగా పనిచేశారని తయారుచేసినవాళ్ళే చెప్పారు. 2010లో రాక్‌స్టార్ శాన్ డియేగో ఉద్యోగుల భార్యలు, తమవాళ్ళని వారాంతాలు కూడా వదలకుండా పిండుతున్నారని బహిరంగ లేఖ రాశారు. 2018లో ఆ సంస్థ పెద్దల్లో ఒకరైన డాన్ హౌజర్ వారానికి వంద గంటల పని గురించి మాట్లాడి దుమారం లేపాడు. 2016 నుంచి ఆ సంస్థకి బెంగళూరులో స్టూడియో ఉంది. 2019లో అక్కడి ధ్రువ ఇంటరాక్టివ్‌ని కొని కలుపుకుంది. ధ్రువ పుట్టింది 1997లో, మొదటి జీటీఏ వచ్చిన ఏడే. విదేశీ ఆటలకి బొమ్మలూ గోడలూ చేసిపెట్టడం దాని పని. అంటే ఆ ఊర్ల గోడల్లో ఇప్పుడు మన దేశపు చేతులూ ఉన్నాయి. ఒక తేడా ఉంది. ఆట పూర్తిచేస్తే వేల పేర్లు తెర మీద కదిలిపోతాయి. డ్యాము దగ్గర శిలాఫలకం మీద మంత్రుల పేర్లుంటాయి.

జీటీఏ 5కి కథ చెప్పే ఎక్స్‌పాన్షన్ రానేలేదు. డబ్బంతా ఆన్‌లైన్ ఆటలో ఉందని తెలిశాక, ఒకే ఊరిని ఇంకొక మనిషి కళ్ళతో చూపించే పని మళ్ళీ చేయలేదు. నాకు అదొక నష్టంగా కనపడుతుంది. చేసి ఉంటే సైటు మీది మనిషి దాకా వచ్చేవాళ్ళా అంటే, రారు. గే టోనీలో కూడా ఒక యూనియన్ అధికారిని కట్టేసి గోల్ఫ్ బంతులతో కొట్టే మిషన్ ఉంది. చూపు మూడుసార్లు మారినా సైటు మనిషి గతి మారలేదు. కానీ పద్ధతి చేతికొచ్చింది, దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. నాలుగో కథకి కావలసినవన్నీ మా జిల్లాలో తయారుగా ఉన్నాయి. అడ్వాన్సు తీసుకోవడం మొదటి మిషన్. బస్సులో సీటు, పిల్లని ముసలమ్మ దగ్గర వదలడం, కొత్త ఊర్లో నీళ్ళు వెతకడం, పరంజా ఎక్కడం, దిగడం. చివరి మిషన్ లెక్క. అందులో తుపాకీ అవసరం లేదు. ప్రాణభయానికి మాత్రం లోటు లేదు.

అది రాసేవాడెవడైనా ఉంటే తొందరపడాలి, ఎందుకంటే ఆ మనిషి మారిపోతున్నాడు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి హైదరాబాద్ అడ్డాల మీద పాలమూరు యాస బాగా వినపడేది. ఇప్పుడు మా ఆఫీసు కిటికీలోంచి కనపడే సైటు మీద భోజపురి, ఒడియా, బెంగాలీ వినపడతాయి. లాక్‌డౌన్‌లో దేశం మొత్తం మీద మొదటి శ్రామిక్ రైలు 2020 మే 1న లింగంపల్లి నుంచే కదిలింది, జార్ఖండ్‌లోని హటియాకి, సుమారు 1200 మందితో. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్ కడుతున్నవాళ్ళు. జీతాలివ్వాలని, ఇళ్ళకి పంపాలని రోడ్డెక్కిన రెండు రోజులకి వాళ్ళకి ఆ రైలు దొరికింది.

ఆ వార్త టీవీలో వస్తున్నప్పుడు ఊర్లో మా మామకి ఫోన్ చేశాను. ఆయన అడిగింది ఒక్కటే. ఎక్కేముందు లెక్క జేసిండ్రా లేదా అని. నాకు తెలియదని చెప్పాను. టీవీలో ఆ సంగతి రాలేదు.